ఐసోబార్ అంటే ఏంటి?

ప్రశ్న: తుపాను వార్తల్లో మ్యాప్ మీద గుండ్రంగా గీతలుంటాయి కదా, వాటిని ఐసోబార్లు అంటారట, ఆ పేరెక్కడిదండీ?

జవాబు: గ్రీకు మాటండీ. ఐసోస్ అంటే సమానం, బారోస్ అంటే బరువు, గాలి పీడనం కొలిచే బారోమీటర్‌లో ఉన్నదీ ఆ బారోసే. మన స్కూల్ పుస్తకాల్లో సమభార రేఖలు అని చదివే ఉంటారు. గాలి పీడనం ఒకేలా ఉన్న ఊళ్లన్నిటినీ కలుపుతూ గీసిన గీత అన్నమాట, కాకపోతే హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది, అక్కడ పీడనం ఎలాగూ తక్కువే, అందుకని అన్ని ఊళ్ల లెక్కనీ సముద్రమట్టానికి సర్దాకే గీస్తారు. బంగాళాఖాతంలో తుపాను ఉంటే గీతలు దగ్గరదగ్గరగా చుట్లు తిరిగిపోతాయి, ఎంత ఇరుగ్గా ఉంటే గాలి అంత జోరు. కెమిస్ట్రీలోనూ ఐసోబార్లున్నాయండోయ్, ఆర్గాన్-40, కాల్షియం-40 లాంటివి, అక్కడ సమానమయ్యేది పీడనం కాదు, ద్రవ్యరాశి సంఖ్య, అంటే పరమాణువులోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం లెక్క.