తక్కువ ఖర్చులో కారు ఎత్తు తగ్గించాలంటే ఏ కాయిల్‌ఓవర్లు కొనాలి? నాకైన అనుభవం

మీ ప్రశ్న చదివితే ఆరేళ్ల కిందటి నేనే గుర్తొచ్చాను. చవకగా దొరికే కాయిల్‌ఓవర్లలో (స్ప్రింగూ, షాక్ అబ్సార్బర్ అనే డ్యాంపరూ ఒక సెట్‌గా వచ్చి, ఎత్తు మార్చుకోగలిగేవి) 24 క్లిక్‌లున్నవి మేలా, 32 క్లిక్‌లున్నవి మేలా, కారు 60 మిల్లీమీటర్లు దిగుతుందా అని అడిగారు. క్లిక్‌లను, అంటే డ్యాంపర్ గట్టిదనాన్ని మార్చే నాబ్ మెట్లను, కాసేపు పక్కన పెట్టండి. కారు దిగాక చక్రం పైకి కదలడానికి ఎంత చోటు మిగులుతుందో అమ్మేవాళ్లను అడగండి. దానికి జవాబు చెప్పలేని సెట్ ఎంత చవకైనా కొనొద్దు.

నేను మొదట కొన్న సెట్ అప్పట్లో అన్నిటికంటే చవకైనది. డబ్బా విప్పితే రంగు తళతళలాడింది. పైన ఉన్న నాబ్ తిప్పితే టిక్ టిక్ అంటూ సరిగ్గా 32 సార్లు మోగింది. అందులో ఎత్తు మార్చాలంటే స్ప్రింగ్ కూర్చునే రింగును కిందికి తిప్పడమే మార్గం. నేను ఆగకుండా తిప్పాను. టైరుకీ ఫెండర్ అంచుకీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టనంతగా దించి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను.

ఆ ఆదివారం నాన్నను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వేగం ఎక్కువేమీ లేదు. ఒక మలుపు మధ్యలో రోడ్డు అతుకు ఉంది, మామూలు కార్లు పట్టించుకోకుండా దాటేసేంత చిన్నది. నా కారు దాని మీదికి ఎక్కగానే కింద ధన్ మని మోగింది. వెనక భాగం ఎగిరి జానెడు పక్కకు జరిగింది. స్టీరింగ్ సరిచేసుకున్నాను కానీ చేతులు వణికాయి. నా డ్రైవింగ్ గురించి ఎప్పుడూ ఒక్క మాట అనని మనిషి, "పక్కకి ఆపు నాన్నా, కాసేపు దిగుతాను" అన్నారు. రెండు రోజులు ఆయన నడుం పట్టేసింది. ఆ రెండు రోజులూ నేను ఆయన ముఖంలోకి సరిగ్గా చూడలేకపోయాను.

మర్నాడు తెలిసిన మెకానిక్ దగ్గర కారును లిఫ్ట్ ఎక్కించాం. చక్రాలు వేలాడగానే అతను వెనక స్ప్రింగును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. అది గుండ్రంగా తిరిగింది. "అన్నా, ఇది ఇలా తిరగకూడదు. గుంతలో చక్రం కిందికి జారినప్పుడల్లా స్ప్రింగ్ సీటు వదిలేస్తోంది" అన్నాడు. తర్వాత డస్ట్ కవర్ పైకి జరిపి, డ్యాంపర్ రాడ్‌కి అడుగున ఒక జిప్ టై బిగించి, కారును నేల మీదికి దించాడు. ఆగి ఉన్న కారులో ఆ టైకీ బంప్ స్టాప్‌కీ (డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా ఆపే రబ్బరు ముక్క) మధ్య 12 మిల్లీమీటర్లు ఉంది. వీధి చివరి వరకూ వెళ్లొచ్చేసరికి టై వెళ్లి బంప్ స్టాప్‌లో ఇరుక్కుపోయింది. నేను స్ప్రింగుల మీద నడుపుతున్నాననుకున్నాను, నిజానికి నడిపింది ఆ రబ్బరు ముక్కల మీద.

అందుకే నా దృష్టిలో మొదట చూడాల్సింది డ్యాంపర్ కింది బ్రాకెట్. దానికి మరలుండి, డ్యాంపర్ మొత్తం బ్రాకెట్‌లోకి దిగేలా ఉంటే స్ప్రింగ్ బిగువు మారకుండా, రాడ్ కదిలే దూరం తగ్గకుండా ఎత్తు తగ్గించవచ్చు. రింగు ఒక్కటే తిరిగే రకంలో మీరు దించిన ప్రతి మిల్లీమీటరూ ఆ దూరంలోంచే పోతుంది. ఆ రకం పనికిరానిదని కాదు. డ్యాంపర్ గొట్టం పొట్టిగా ఉండేలా జాగ్రత్తగా చేసినవి బాగుంటాయి. నేను కొన్నది అలాంటిది కాదు.

ఇక క్లిక్‌లు. ఒకే నాబ్ ఉన్న డ్యాంపర్లలో అది ఎక్కువగా రీబౌండ్‌ను (డ్యాంపర్ సాగేటప్పటి పట్టును) మారుస్తుంది, దాంతోపాటు కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి పట్టు) కూడా కొంత మారుతుంది. నా చవక సెట్‌లో 10వ క్లిక్‌కీ 20వ క్లిక్‌కీ ఒకే రోడ్డు మీద నాకు ఏ తేడా తెలియలేదు. చివరి నాలుగైదు క్లిక్‌లలో మాత్రం కారు ఒక్కసారిగా చెక్క బండిలా అయ్యేది. కేడబ్ల్యూ వేరియంట్ 1, బిల్‌స్టీన్ బీ14 లాంటి పేరున్న సెట్లలో అసలు డ్యాంపింగ్ నాబే ఉండదు, ఎత్తు మాత్రమే మారుతుంది. స్ప్రింగుకు తగ్గ డ్యాంపింగ్‌ను కంపెనీయే కుదిర్చి ఇస్తుంది. బడ్జెట్ తక్కువైతే నాబ్ లేని మంచి డ్యాంపరే నా ఓటు.

స్ప్రింగ్ రేటు కూడా అడగండి. 8 కిలోలు అంటే 8 కిలోల బరువుకు ఒక మిల్లీమీటరు నొక్కుకుంటుందని అర్థం. అయితే అది చక్రం దగ్గరి లెక్క కాదు. చక్రం ఒక మిల్లీమీటరు కదిలితే స్ప్రింగ్ 0.7 మిల్లీమీటర్లే కదిలే అమరికలో, స్ప్రింగ్ రేటును 0.7తో రెండుసార్లు గుణించాలి. అంటే 8 కిలోల స్ప్రింగ్ చక్రం దగ్గర సుమారు 4 కిలోలే. ముందు స్ట్రట్ (స్ప్రింగూ డ్యాంపరూ ఒకే కాలులా చక్రాన్ని పట్టుకునే అమరిక) ఉన్న కార్లలో ఇది దాదాపు పూర్తి 8కి దగ్గరగా ఉంటుంది. అందుకే వేరే కారు వాడు చెప్పిన నంబర్లు మీ కారుకు పనికిరావు.

60 మిల్లీమీటర్ల కోరిక మాత్రం మానుకోండి. స్ట్రట్ ఉన్న కారును అంత దించితే చక్రాన్ని కారుకు కలిపే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలిపోతుంది. బాడీ దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగుతుంది. అప్పుడు మలుపులో కారు తక్కువ ఒరుగుతుందనుకుంటే ఎక్కువ ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తారు, మళ్లీ నడుం నొప్పి మొదలు. రోజూ నడిపే కారుకు 30 మిల్లీమీటర్లు చాలు.

బిగించేవాళ్ల మీద కూడా నాకు చాలా కోపం ఉంది. కారు గాల్లో వేలాడుతుండగానే ఆర్మ్‌ల బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. నేల మీదికి దింపగానే ఆర్మ్‌ల కీళ్లలోని రబ్బరు బుష్‌లు మెలిపడి, కొన్ని నెలల్లో చిరుగుతాయి. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు చేయాలి. స్ప్రింగులు నాలుగైదు రోజులు సర్దుకున్నాక అలైన్‌మెంట్ చేయించాలి. టో (చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే టైరు లోపలి అంచు బయటి నుంచి కనబడకుండానే అరిగిపోతుంది. హెడ్‌లైట్లు కూడా మళ్లీ సరిచేయించాలి. ముందుకంటే వెనక ఎక్కువ దిగితే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ఇవన్నీ ఎవరూ చెప్పరు, ఫొటో మాత్రం పెడతారు.

స్ప్రింగు కోయమని సలహా ఇచ్చేవాళ్ల మాట అసలే వినొద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడుతుంది, పాత డ్యాంపర్ దాన్ని అదుపు చేయలేదు, కోసిన చివర సీటులో సరిగ్గా కూర్చోదు. సెకండ్ హ్యాండ్ సెట్ చూసినా రాడ్ చుట్టూ నూనె తడి ఉందా, రింగులు చేత్తో తిరుగుతున్నాయా చూడండి. మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న డ్యాంపర్) అయితే దాని బాడీకి సొట్ట ఉన్నా వద్దు, పిస్టన్ నడిచేది ఆ గొట్టంలోనే.

ఆ చవక సెట్ తీసేశాక నేను టైన్ ఫ్లెక్స్ జెడ్ వేయించాను. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే డ్యాంపర్), కింది బ్రాకెట్‌తో ఎత్తు మారే రకం. సీల్ చేసి ఉంటుంది కాబట్టి అరిగితే విప్పి బాగుచేయడం ఉండదు, మార్చుకోవాలి. నాకు అది సమ్మతమే. ముందూ వెనకా 30 మిల్లీమీటర్లు దించాను. మరల్లో మట్టి చేరి రింగులు పట్టేయకుండా ఆరు నెలలకోసారి బ్రష్‌తో తుడిచి యాంటీ సీజ్ రాస్తాను. ఈ డబ్బు కూడా కుదరకపోతే, కొత్త షాక్‌లతో పాటు 25 మిల్లీమీటర్లు దించే లోయరింగ్ స్ప్రింగులు వేయించండి. అతి చవక కాయిల్‌ఓవర్ కంటే అది వెయ్యి రెట్లు నయం.

మీ కారు వెనక టార్షన్ బీమ్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే అడ్డ దూలం) ఉందా, స్ప్రింగూ డ్యాంపరూ విడివిడిగా ఉన్నాయా, వెనక సీట్లో రోజూ ఎవరైనా కూర్చుంటారా అన్నది రాయండి. వాటిని బట్టి ఎంత వరకు దించొచ్చో చెబుతాను.