12 టీబీ, 20 వీఎంలు: వాల్యూమ్‌లు ఎన్ని చేయాలి?

ప్రశ్న: సార్, ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఐటీ పని చూస్తుంటాను. మూడు విండోస్ సర్వర్లను జట్టు కట్టి హైపర్-వీ (ఒక సర్వర్‌లో చాలా వర్చువల్ కంప్యూటర్లు నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) క్లస్టర్ పెట్టాం, వెనకాల శాన్ బాక్సులో (సర్వర్లన్నిటికీ ఉమ్మడి డిస్కుల పెట్టె) 12 టీబీ ఉంది, వీఎంలు (ఆ వర్చువల్ కంప్యూటర్లు) 20 దాకా ఉన్నాయి. మొత్తం ఒకే వాల్యూమ్ (డిస్కు స్థలంలో విడిగా కేటాయించిన భాగం) చేసేయమని వెండర్, వీఎంకు ఒకటి చొప్పున చేయమని మా సీనియర్. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, సి.క్యాంపు, కర్నూలు

జవాబు: ఇద్దరి మాటా వద్దు. సీనియర్ చెప్పేది తప్పు కాదు గానీ పాత పద్ధతి. విండోస్ సర్వర్ 2008 ఆర్2 రాకముందు క్లస్టర్ డిస్కును ఒక్కసారికి ఒక్క సర్వరే పట్టుకునేది, అందులోని వీఎంలన్నీ ఇంకో సర్వర్‌కు కలిసే కదలాలి, అందుకే వీఎంకో డిస్కు ఇచ్చేవాళ్లు. సీఎస్‌వీ (క్లస్టర్ షేర్డ్ వాల్యూమ్) వచ్చాక ఆ బాధ లేదు, సర్వర్లన్నీ ఒకే వాల్యూమ్‌ను ఒకేసారి వాడుకుంటాయి. ఇప్పుడు 20 ముక్కలు చేశారంటే ఒకదాంట్లో చోటు చాలదు, పక్కదాంట్లో ఊరికే పడుంటుంది.

ఇక వెండర్ సంగతంటారా, ఆయనకు పని తొందరగా అయిపోవాలి, అంతే. ఆ ఒక్క వాల్యూమ్ దెబ్బతిన్న రోజు ల్యాబ్, బిల్లింగ్, ఫార్మసీ అన్నీ ఒకేసారి పడుకుంటాయి, ఓపీ దగ్గర జనం మీ మీద పడతారు. పైగా ప్రతి సీఎస్‌వీకి ఓ ఓనర్ సర్వర్ ఉంటుంది, ఫైలు సృష్టించడం, సైజు పెంచడం లాంటి పనులు దాని ద్వారానే నడుస్తాయి. కాబట్టి మూడు సర్వర్లకు మూడు వాల్యూమ్‌లు చేయండి, 2012 ఆర్2 నుంచి ఓనర్లను క్లస్టరే సమంగా పంచుతుంది. డొమైన్ కంట్రోలర్లు (అందరి లాగిన్లు చూసే సర్వర్లు) రెండుంటే రెండూ ఒకే వాల్యూమ్‌లో పెట్టకండి.

తలా 3 టీబీ ఇచ్చి మిగతా 3 టీబీ శాన్‌లోనే ఉంచుకోండి. తర్వాత పెంచడం తేలికే, తగ్గించాలంటేనే తల ప్రాణం తోకకొస్తుంది. వీఎంల డైనమిక్ డిస్కులు (డేటా చేరేకొద్దీ పెరిగే డిస్కు ఫైళ్లు), ఎవరో తీసి మర్చిపోయిన చెక్‌పాయింట్లు (వీఎం అప్పటి స్థితిని దాచిపెట్టినవి) చెప్పకుండా పెరిగిపోతాయి, వాల్యూమ్ నిండిందంటే వీఎంలు పాజ్‌లోకి వెళ్లిపోతాయి. వారానికోసారైనా ఖాళీ ఎంతుందో చూడండి.

ఫార్మాట్ చేసేటప్పుడు, కొత్తది కదా అని ఆర్‌ఈఎఫ్‌ఎస్ (విండోస్‌లో డిస్కు మీద ఫైళ్లు అమర్చే ఓ పద్ధతి) ఎంచుకోకండి. శాన్ మీది సీఎస్‌వీకి అది పెడితే మిగతా సర్వర్లు నేరుగా డిస్కుకు రాయలేవు, రాతంతా నెట్‌వర్క్ మీదుగా ఓనర్ సర్వర్‌కు వెళ్లాల్సిందే, ఇక వేగం ఎక్కడుంటుంది? మీకు పాత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ చాలు. క్వోరమ్ విట్‌నెస్‌కు (సర్వర్ల మధ్య సంబంధం తెగితే క్లస్టర్ నడవాలా వద్దా అని తేల్చే అదనపు ఓటు) మాత్రం 1 జీబీ డిస్కు విడిగా ఇవ్వండి, దాన్ని సీఎస్‌వీగా మార్చకండి.