మోకాళ్ల నొప్పి బిళ్ల, బీపీ బిళ్ల, లిథియం: అమ్మ చేతులు ఎందుకు వణుకుతున్నాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 57 ఏళ్లు. బైపోలార్ జబ్బుకి (కొన్నాళ్లు మరీ ఉత్సాహం, కొన్నాళ్లు మరీ దిగులు పట్టే మానసిక జబ్బు) 14 ఏళ్లుగా లిథియం 300 బిళ్లలు రోజుకి మూడు వాడుతోంది, బాగానే ఉండేది. రెండు నెలల క్రితం బీపీ ఉందని టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల రాశారు, ఉప్పు బాగా తగ్గించమన్నారు. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ మూడు వారాలుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది. పది రోజుల నుంచి చేతులు బాగా వణుకుతున్నాయి, మజ్జిగ గ్లాసు పట్టుకుంటే ఒలికిపోతోంది. నడిస్తే తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది, మూడు రోజులుగా విరేచనాలు. బంధువులేమో "ఆ మందులు ఇన్నేళ్లు మింగితే ఇంతే, ఆపేయండి" అంటున్నారు. ఆపేయమంటారా? ఇంకో సంగతి, మా చెల్లికి 23 ఏళ్లు, ఫిట్స్‌కి సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతోంది. సంబంధాలు చూస్తున్నాం. ఆ మందుతో ముందు ముందు ఏమైనా ఇబ్బందా?

జవాబు: అమ్మా, మీ మెయిల్ చదవగానే ఇక్కడి వాళ్లతో మీకు ఫోన్ చేయించాను, ఎందుకంటే మీరు రాసింది జవాబు పడేదాకా ఆగే విషయం కాదు. అమ్మగారిని ఆ రోజే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లమని చెప్పించాను. ఫోన్లో వివరంగా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. లిథియం వాడే మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఇవి కావాలి.

చేతుల వణుకు, తూలడం, ముద్ద మాట, విరేచనాలు. లిథియం వాడేవాళ్లలో ఇవి కలిసి వచ్చాయంటే, వేరే కారణం తేలేదాకా రక్తంలో లిథియం పెరిగిపోయిందనే అనుకోవాలి. ఇది వయసు కాదు, నరాల బలహీనత అంతకన్నా కాదు. అలాంటప్పుడు తర్వాతి పూట లిథియం ఇవ్వకూడదు, నొప్పి బిళ్ల పూర్తిగా ఆపాలి, ఈ బీపీ బిళ్ల కూడా డాక్టరు చూసేదాకా పక్కన పెట్టాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి. ఊళ్లోనే రెండు సెలైన్లు ఎక్కించి చూద్దాం అనుకోవద్దు. సెలైన్ అవసరమే, కానీ ఏళ్ల తరబడి లిథియం వాడిన కిడ్నీలు కొందరిలో నీళ్లని సరిగ్గా పట్టి ఉంచలేవు, వాళ్లకి సోడియం చూసుకోకుండా సెలైన్ ఎక్కిస్తే అది ప్రమాదకరంగా పెరుగుతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, ఈసీజీ, లిథియం లెవెల్ చూసుకుంటూ చేయాల్సిన వైద్యం ఇది. బాగా ముదిరితే డయాలసిస్ కూడా చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ 14 ఏళ్లలో అమ్మగారికి మేలు చేసిన మందే రెండు నెలల్లో ఎలా తిరగబడింది?

లిథియం ఒంట్లోంచి బయటికి పోయే దారి దాదాపుగా ఒక్కటే, కిడ్నీలు. లివర్‌కి ఇందులో పని లేదు. లిథియం ఉప్పులోని సోడియంకి దగ్గరి చుట్టం లాంటిది, కిడ్నీకి ఈ రెండిటికీ తేడా సరిగ్గా తెలియదు. ఒంట్లో ఉప్పు తగ్గిందనుకోండి, కిడ్నీ ఉన్న సోడియంని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటే లిథియంని కూడా లాక్కుంటుంది. అమ్మగారు ఆవకాయ, మజ్జిగలో ఉప్పు ఒక్కసారిగా మానేసి ఉంటే అది మొదటి దెబ్బ. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో ఉప్పుని పంపేసే మందు కాబట్టి అది రెండోది, ఆ ఒక్క మందే లిథియం స్థాయిని పాతిక శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా పెంచగలదు. టెల్మిసార్టాన్ కూడా లిథియంని పెంచగలదు, అది మూడోది. ఎసిక్లోఫెనాక్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, అది నాలుగోది. ఇన్ని కలిశాక విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీళ్లు పోయాయి, దాంతో లిథియం ఇంకా చిక్కబడింది. ఆ విరేచనాలు కూడా లిథియం ఎక్కువై వచ్చినవే అయ్యుండొచ్చు.

బీపీ చూసిన డాక్టరుకి లిథియం సంగతి ఎవరైనా చెప్పారా? ఆర్‌ఎంపీకి బీపీ బిళ్ల చూపించారా? మిమ్మల్ని నిందించడానికి అడగడం లేదమ్మా. నా అనుభవంలో సైకియాట్రీ మందు వాడుతున్నామని వేరే డాక్టరు దగ్గర చెప్పుకోవడానికి మన ఇళ్లలో చాలామంది సిగ్గుపడతారు, ఆ చీటీని బీరువాలో వేరే కవర్లో దాచిపెడతారు, మిగతా చీటీలే ఆసుపత్రికి తీసుకెళ్తారు. డాక్టర్లం మేమూ తక్కువ తినలేదు, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని ఒక్క ముక్క అడిగి, జవాబు వినకుండానే రాసేసే రోజులు ఉన్నాయి. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికి, ఆఖరికి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి టేబుల్ మీద పెట్టండి. చీటీలు కాదు, స్ట్రిప్పులే. చీటీలో రాసింది ఒకటి, షాపులో ఇచ్చింది ఇంకొకటి అవడం నేను చాలాసార్లు చూశాను.

లిథియం పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మామూలుగా వాడుకునేటప్పుడు రక్తంలో లిథియం లీటరుకి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ మధ్య ఉండేలా చూస్తాం, కొందరికి 1.0 దాకా. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, 2 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. అయితే ఈ అంకెలకి అర్థం ఉండాలంటే రక్తం ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకి తీయాలి. రాత్రి 9కి బిళ్ల వేసుకుంటే పొద్దున 9కి ల్యాబులో ఉండాలి, పొద్దుటి బిళ్ల రక్తం ఇచ్చాకే. బిళ్ల వేసుకుని వెళ్తే లేనిపోని ఎక్కువ చూపించి అందరినీ కంగారు పెడుతుంది. ఎమర్జెన్సీలో మాత్రం 12 గంటలు చూస్తూ కూర్చోకూడదు, వెంటనే తీసి, ఆఖరి డోసు ఎప్పుడు వేసుకున్నారో పక్కన రాయించాలి.

ఇంకొకటి, ఇది ల్యాబు వాళ్లలో కూడా కొందరు మర్చిపోతారు. రక్తం తీసే ట్యూబుల్లో ఆకుపచ్చ మూత ఉన్నవి కొన్ని లిథియం హెపారిన్ పూసినవి ఉంటాయి. రక్తం గడ్డ కట్టకుండా అందులో వేసే పదార్థంలోనే లిథియం ఉంటుంది! దాంట్లో తీస్తే అసలు లిథియం వాడని మనిషికి కూడా రిపోర్టులో బోలెడంత కనిపిస్తుంది. ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబులో తీయమని మీరే అడగండి, మొహమాటపడొద్దు. ఈ పరీక్ష ప్రతి ఊళ్లో చేయరు, రక్తం హైదరాబాదుకో ఇంకో పెద్ద ఊరికో పంపి రేపో మాపో రిపోర్టు వస్తుందంటారు. దానికోసం వైద్యం ఆగకూడదు. ఏళ్లుగా లిథియం వాడేవాళ్లలో అంకె పెద్దగా లేకపోయినా మెదడులో ఎక్కువే పేరుకుని ఉండొచ్చు, కాబట్టి 1.3 వచ్చింది కదా పర్లేదు అని తూలుతున్న మనిషిని ఇంటికి పంపేయడం తప్పు. రక్తంలో తగ్గాక కూడా వణుకు, తూలు పోవడానికి రోజులు పడతాయి. ఆలస్యం చేస్తే కొద్దిమందిలో ఆ తూలు శాశ్వతంగా మిగిలిపోతుంది, నేను ఇంత గట్టిగా చెప్తున్నది అందుకే.

వణుకు అనగానే అందరూ బెంబేలు పడాల్సిన పని లేదు. చేతులు ముందుకి చాపి వేళ్ల మీద కాగితం పెడితే ఆ కాగితం సన్నగా అదురుతుంది చూడండి, అది సరైన మోతాదులో కూడా చాలామందికి ఉంటుంది, తర్వాతిసారి డాక్టరుకి చెప్తే చాలు. గ్లాసులో మజ్జిగ ఒలికిపోయే వణుకు, కొత్తగా మొదలై రోజురోజుకీ పెరిగే వణుకు వేరు.

ఇక ఆపేయాలా అన్న ప్రశ్న. ఈ కొద్దిరోజులు ఆపాలి. కానీ బంధువులు చెప్పినట్టు శాశ్వతంగా ఆపేయడం అనేది మీరో వాళ్లో తేల్చుకోవద్దు. బైపోలార్‌లో లిథియంకి సాటి వచ్చే మందులు చాలా తక్కువ. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు 1949లో దీని గుణాన్ని బయటపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఇంకా వాడుతున్నామంటే కారణం ఉంది. ముఖ్యంగా ఆత్మహత్య ఆలోచనల నుంచి కాపాడటంలో దీనికి ఉన్నంత పేరు మిగతా వాటికి లేదు. హఠాత్తుగా మానేసి ఊరుకుంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. కిడ్నీలు కోలుకున్నాక తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలా, వేరే మందుకి మారాలా అన్నది మీ సైకియాట్రిస్టు చెప్పాలి. మళ్లీ మొదలుపెడితే వారానికి ఒకసారి లెవెల్ చూసి, కుదుటపడ్డాక మూడు నుంచి ఆరు నెలలకోసారి, దాంతోపాటు ఆరు నెలలకోసారి క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం. ఈ 14 ఏళ్లలో ఆఖరిసారి ఇవి ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు, పాత ఫైలు ఒకసారి తీసి చూడండి. ఈలోగా ఆమె నిద్ర తగ్గి, మాటలు ఎక్కువైతే ఆగకుండా డాక్టరుకి చెప్పండి. వాళ్లు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మోకాళ్ల నొప్పి కూడా నిజమే కదా, దాన్ని ఓర్చుకో అనడం న్యాయం కాదు. కిడ్నీ, లివర్ బాగుంటే పారాసిటమాల్ 650 రోజుకి మూడు దాకా వేసుకోవచ్చు, దానికీ లిథియంకీ గొడవ లేదు. ఫిజియోథెరపీ వాళ్లు చెప్పే తొడ కండరాల వ్యాయామం నిజంగా పనిచేస్తుంది, కానీ నెలా రెండు నెలలు చేయాలి. షాపులో పారాసిటమాల్ అడిగితే ఎసిక్లోఫెనాక్ కలిసిన బిళ్ల చేతిలో పెట్టొచ్చు, స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇటోరికాక్సిబ్ అన్నీ ఇదే కోవ. ట్రమడాల్ అనే ఇంకో రకం నొప్పి మందు రాస్తామంటే అమ్మగారు లిథియం వాడతారని, డిప్రెషన్ మందులేవైనా ఉంటే అవి కూడా చెప్పి అడగండి. ఇంట్లో మందులు ఒకరివి ఒకరు వేసుకునే అలవాటుంటే ఇంకో మాట, మీ చెల్లి దాన్ని ముట్టుకోకూడదు, ట్రమడాల్ ఫిట్స్ తెప్పిస్తుంది. బీపీకి అమ్లోడిపిన్ లాంటివి లిథియంని మామూలుగా పెంచవు, ఆ మార్పు గురించి బీపీ డాక్టరుతో మాట్లాడండి. ఉప్పు రోజూ ఒకే తీరులో ఉండాలి, ఒక్కసారిగా మానడం వద్దు, ఒక్కసారిగా పెంచడమూ వద్దు. రోహిణి కార్తె ఎండల్లో, కటిక ఉపవాసాల్లో, జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మరీ జాగ్రత్త.

చెల్లి విషయం అడిగారు, మంచిపని చేశారు. వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌కి బాగా పనిచేస్తుంది, కానీ కడుపుతో ఉన్నప్పుడు వాడితే వంద మంది బిడ్డల్లో దాదాపు 10 మందికి పుట్టుకతో పెద్ద లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, మాటలో, చదువులో ఇబ్బందులు రావచ్చు. కడుపుతో ఉందని తెలిశాక మందు మార్చడం ఆలస్యమే అవుతుంది. అందుకే పెళ్లికి ముందే న్యూరాలజిస్టుని కలిసి, లామోట్రిజిన్ గానీ లెవెటిరాసెటమ్ గానీ తనకి సరిపోతుందా అని అడగండి, ఫోలిక్ యాసిడ్ కూడా. మందు మార్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి, ఎందుకంటే కొత్తది మెల్లగా పెంచుతూ పాతది మెల్లగా తగ్గిస్తారు. సంబంధం వాళ్లకి ఫిట్స్ సంగతి దాచొద్దు, దాస్తే అత్తారింట్లో చాటుగా మందు మింగాల్సి వస్తుంది, ఒక పూట తప్పుతుంది, అప్పుడే ఫిట్స్ వస్తాయి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి ఉన్న అడ్డంకిని 1999లోనే తీసేశారు, భయపడకండి. ఇది చదివి కంగారుపడి మీ చెల్లి తనంతట తాను వాల్‌ప్రోయేట్ మానేయకుండా చూసుకోండి, న్యూరాలజిస్టు చెప్పేదాకా ఒక్క పూట కూడా తప్పకూడదు.