నా పుల్ రిక్వెస్ట్ ఎందుకు క్లోజ్ చేశారు?

ప్రశ్న: సర్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. యూట్యూబ్‌లో చూసి ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టుకి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు కలుపుకోమనే వినతి, పంపాను. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక లైను మార్చానంతే. కాసేపటికే స్పామ్ అని క్లోజ్ చేశారు. ప్లేస్‌మెంట్స్ దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. కోడింగ్ అంతంతమాత్రంగా వచ్చిన నాలాంటివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? (భీమవరం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఒక్క రిక్వెస్ట్ క్లోజ్ చేసినంత మాత్రాన కొంపలేమీ మునగవు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కానీ అవతలివాళ్లకి అంత విసుగు ఎందుకొచ్చిందో మీకు తెలియాలి. 2024 మొదట్లో వెబ్‌సైట్ల తయారీకి వాడే ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌కి, రీడ్‌మీలో తమ పేరు చేర్చుకుంటూ ఇలాంటి రిక్వెస్టులే కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిలో చాలావరకు మన దేశపు విద్యార్థులవే, పాఠం చెప్పే వీడియోలో చూపించింది చూపించినట్టు నిజం ప్రాజెక్టు మీదే చేసేశారు. 2020 అక్టోబర్‌లో, ఓపెన్ సోర్స్‌కి రిక్వెస్టులు పంపినవాళ్లకి టీషర్టు ఇచ్చిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో కూడా ఆ టీషర్టు కోసం ఇదే జరిగింది, దాంతో పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామని అప్పటికప్పుడు రూలు మార్చాల్సి వచ్చింది. ఈ రిక్వెస్టులను ఒక్కొక్కటీ తెరిచి చూసేవాళ్లలో ఎంతోమంది ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన టైంలో జీతం లేకుండా ఈ పని చేసేవాళ్లే. ప్రాక్టీసు కావాలంటే సొంత రిపాజిటరీలో (మీ కోడ్ పెట్టుకునే చోట) ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు.

మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి, అందులోనూ తెలుగు పనితో. లిబ్రేఆఫీస్ అనువాదాలు వెబ్‌లేట్ అనే సైట్లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌వి పాంటూన్ అనే సైట్లో జరుగుతాయి, రెండూ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి, కోడింగ్ అక్కర్లేదు. అలాగని తేలిక పనేం కాదు. 'పేజ్ %1 ఆఫ్ %2' అని ఉందనుకోండి, తెలుగులో '%2 పేజీల్లో %1వది' అనాలి, అంటే వరస తిరగబడుతుంది. అంకెలు వచ్చి కూర్చునే ఆ %1, %2 ల చోటు మార్చవచ్చు గానీ ఒక్కటి చెరిపేసినా స్క్రీన్ మీద ఆ అంకె కనిపించదు. మెనూ పదాల్లో అక్షరం ముందు ~ కనిపిస్తే అది చెత్త కాదు, ఆల్ట్ నొక్కినప్పుడు ఏ అక్షరం పనిచేయాలో చెప్పే గుర్తు. పాత అనువాదాల్లో దాన్ని ఎలా రాశారో చూసి అలాగే రాయండి. ఇంత శ్రద్ధగా ఓ యాభై వాక్యాలు చేస్తే, నన్నడిగితే, రీడ్‌మీలో పేరు కంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అదే గట్టి విషయం.

ఇంకో దారి బగ్ రిపోర్టు, అంటే సాఫ్ట్‌వేర్‌లో కనిపించిన తప్పుని దాని తయారీదారులకి రాసి చెప్పడం. 'తెలుగు సరిగా రావట్లేదు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వెర్షన్, విండోసా లినక్సా, ఏ ఫాంటు, ఏ పదం టైప్ చేస్తే వత్తు విడిపోయింది, పీడీఎఫ్‌లో మాత్రమేనా స్క్రీన్ మీద కూడానా, ఇవన్నీ రాసి ఆ పదం ఒక్కటే ఉన్న చిన్న ఫైలు జతచేయండి. తెలుగు చదవలేని డెవలపర్ కూడా అప్పుడు దాన్ని పట్టుకోగలడు. వత్తు ఎలా ఉండాలో చెప్పాల్సింది మనమే కదా! కోడ్ దాకా వచ్చాక 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' (కొత్తవాళ్లకి తగిన పని) లేబుల్ ఉన్నవి వెతకండి, మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు పూర్తిగా చదవండి, ఆ పని ఇంకెవరైనా తీసుకున్నారేమో చూసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంట్లో ఓపెన్ సోర్స్ కోడ్ రాయొచ్చా?

జవాబు: ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి, మీరు రాసే కోడ్ మీద హక్కు ఎవరిదో చాలా లెటర్లలో రాసి ఉంటుంది. అనుమానంగా ఉంటే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, నోటిమాట చాలదు. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్ ఐడీ మాత్రం దీనికి వాడకండి.