ఫోరెన్సిక్ శాస్త్రంలో మానవ కారకాల పరిశోధకులు చేసే పని ఏమిటి?

నేర ఆధారాలను పరిశీలించే నిపుణులు ఒక నిర్ణయానికి ఎలా వస్తారో, ఏ పరిస్థితుల్లో పొరపడే అవకాశం ఉందో అధ్యయనం చేయడమే వీరి పని. అందుకే వీరిలో చాలామంది మనస్తత్వశాస్త్రం నుంచి వస్తారు. వేలిముద్రలనైనా చేతిరాతనైనా పోల్చి చివరి మాట చెప్పేది మనిషే కాబట్టి, నిందితుడు నేరం ఒప్పుకున్నాడన్న సంగతి ముందే చెవిన పడితే, అస్పష్టమైన ముద్రలో తేడాల కంటే పోలికలే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది.

ఈ రంగంలోని పరిశోధకుడు ఇటియల్ డ్రోర్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం చిన్నదే అయినా ఎంతో విలువైనది. ఐదుగురు అనుభవజ్ఞులైన వేలిముద్రల నిపుణులకు, గతంలో వారే సరిపోలాయని తేల్చిన ముద్రలను, 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పొరపాటున సరిపోల్చిన ముద్రలని చెప్పి ఇవ్వగా, ముగ్గురు అవి సరిపోలవన్నారు, ఒకరు తేల్చలేమన్నారు, ఒక్కరే పాత నిర్ణయానికి కట్టుబడ్డారు.

ఇలా నిర్ణయం మారడాన్ని నిజాయతీ లోపంగానో అసమర్థతగానో చాలామంది భావిస్తారు. అది ఆ నిపుణులకు అన్యాయం చేయడమే. ఈ ప్రభావం మనిషికి తెలియకుండానే పనిచేస్తుంది, అనుభవం ఒక్కటే దాన్ని తొలగించలేదు. కాబట్టి కేసు వివరాలను పరిశీలకుడికి అవసరమైనప్పుడు, అవసరమైనంత మేరకే అందించే పద్ధతులను రూపొందించి పరీక్షించడం ఈ వృత్తిలో ముఖ్యమైన భాగం.