ఆ కల సాగదీత కాదు

రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 5, 2025.

చిరంజీవి మానసకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, జపాను బొమ్మల సీరియల్ ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా ‘ఇన్ఫినిటీ కాజిల్’ మీద మీ కాలేజీ పత్రికకు సమీక్ష రాయడానికి నువ్వు ఒప్పుకున్నావని, ఈ నెల 12న తెల్లవారుజాము ఆటకే టికెట్టు తీసుకున్నావని చెప్పింది. మన ఇంట్లో జపాను బొమ్మల సినిమాల గురించి మాట్లాడితే వినే దిక్కు లేక పదేళ్ళు గడిపినదాన్ని కనుక, నా తరువాత ఒకతె తయారైందని ఎంత గర్వపడ్డానో నీకు చెప్పలేను. ఆ సంతోషం మీద మీ అమ్మ ఒక్క మాటతో నీళ్ళు చల్లింది. సీరియల్ అంతా చూసే తీరిక లేదని, నలభై నిమిషాల సంగ్రహం ఏదో చూసి హాలుకు వెళ్ళిపోతావని అన్నది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ముందుగా నీకు తెలిసిన సంగతులే ఒకసారి అని వదిలేస్తాను. చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకుని వెళ్ళు. ఫోను వెలుగులో రాయవద్దు. పేర్లు తెలుగులో ఎలా రాయాలో ముందే నిర్ణయించుకుని చివరిదాకా అలాగే రాయి. వీలైతే రెండుసార్లు చూడు. చీకటితో ఒక్కతెవే వెళ్ళకు, ఎవరినైనా తోడు తీసుకో. ఈ చివరిది సమీక్షకు సంబంధించినది కాదని నాకు తెలుసు, అయినా అనకుండా ఉండలేను.

ఇక సంగ్రహం సంగతి. టెలివిజన్‌లో ఇంతవరకు వచ్చినవి 63 భాగాలు: 2019లో 26, ‘ముగెన్ ట్రైన్’ అనే రైలు సినిమాను విడగొట్టి, కొత్తగా ఒకటి చేర్చి 2021లో ప్రసారం చేసినవి 7, ఆ తరువాత 11, మళ్ళీ 11, నిరుడు 8. ఒక్కొక్కటి ఇరవైనాలుగు నిమిషాల లెక్కన మొత్తం పాతిక గంటల పైమాట. నీకు వారం రోజులున్నాయి. రోజుకు మూడున్నర గంటలకు కాస్త ఎక్కువ. పరీక్షలు లేని వారంలో నువ్వు అంతకంటే ఎక్కువ సేపు ఫోను చూస్తూ గడుపుతావని మీ అమ్మే చెప్పింది. పద్నాలుగేళ్ళప్పుడు కొంత చూశానని అనవద్దు. అప్పుడు చూసింది ఇప్పుడు నీకు ఎంత గుర్తుందో నువ్వే పరీక్షించుకో. నిరుటి ఎనిమిది భాగాల చివర అందరూ సినిమా పేరులోని ఆ కోటలోకి జారిపడతారు కదా, కొత్త సినిమా సరిగ్గా అక్కడ మొదలవుతుంది. ముందు కథ ఎవరూ మళ్ళీ చెప్పరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకసారి ఈ పనే చేసి సిగ్గుపడ్డాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా చెప్పలేదు.

2020 అక్టోబరులో మేము టోక్యోలోని నిషికసాయిలో ఉన్నాము. కరోనా మూలంగా నెలల తరబడి ఇంటిపట్టున ఉన్న జనం ఒక్కసారిగా హాళ్ళ వైపు కదిలారు. కారణం ‘ముగెన్ ట్రైన్’. 16వ తేదీన విడుదలై పది రోజులలోనే వెయ్యి కోట్ల యెన్‌లు దాటింది. ఆ ఏడాది ముగిసేలోపే, పంతొమ్మిదేళ్ళుగా ‘స్పిరిటెడ్ అవే’ అనే మరొక బొమ్మల సినిమా పేరున ఉన్న జపాను వసూళ్ళ రికార్డును అధిగమించింది. కూరగాయల దుకాణంలో కూడా కథానాయకుడు తంజిరో చొక్కా గళ్ళే కనిపించేవి. అక్కడి తెలుగువారి పత్రిక ఒకటి దీపావళి సంచికకు ఈ సినిమా మీద రాయమని నన్ను అడిగింది. నాకు జపనీసు బాగా వచ్చునని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది. భాష వచ్చినదానికి కథ వెతుక్కుంటూ వచ్చి అర్థమవుతుందని అనుకున్నాను. టెలివిజన్‌లో వచ్చిన ఇరవైఆరు భాగాలలో ఒక్కటి కూడా చూడకుండా, కిన్షిచోలో మాస్కుల మధ్య కూర్చుని సినిమా చూసి, ఆ రాత్రే రాసేశాను.

ఏమి రాశానో ఇప్పుడు తలచుకుంటే చెవులు ఎర్రబడతాయి. పెట్టెలో ఒక ఆడపిల్ల ఉంటుందని, ఆమె నోట్లో వెదురు ముక్క ఎందుకున్నదో దర్శకుడికే తెలియాలని హాస్యమాడాను. రాక్షసులను వేటాడే దళంలోని రెంగోకు రైలులో భోజనం పెట్టెలు ఒకటి తరువాత ఒకటి ఖాళీ చేస్తూ ప్రతి ముద్దకూ ‘ఉమాయ్!’ (ఎంత రుచి!) అని అరుస్తుంటే మాస్కుల వెనుక హాలంతా నవ్వింది. అది మాత్రం మెచ్చుకున్నాను, ఎందుకంటే అది అర్థం కావడానికి తిండి మీద ఇష్టం ఉంటే చాలు. అసలు తప్పు కల దగ్గర చేశాను. రైలులో టికెట్టుకు రంధ్రం పడగానే అందరూ నిద్రలోకి జారుకుంటారు, ఎవరికి కావలసిన కల వారికి వస్తుంది. తంజిరోకు మంచులో తన ఇల్లు, తల్లి, తమ్ముళ్ళు, చెల్లెలు కనిపిస్తారు. వాళ్ళు వంట గురించి, బొగ్గుల గురించి మామూలు మాటలు మాట్లాడుకుంటారు. కల అని తెలిశాక అతడు బయలుదేరితే, చిన్నవాడు రొకుతా వెళ్ళవద్దని వెనుక నుంచి పిలుస్తాడు. నేను దాని గురించి రాసిన వాక్యం ఇప్పటికీ కంఠతా ఉన్నది: “ఈ కలల భాగం సాగదీత, పది నిమిషాలు కత్తిరించి ఉంటే రైలు వేగం అందుకునేది.”

దీపావళి మిఠాయి ఇవ్వడానికి కింది అంతస్తుకు వెళ్ళాను. ఆ ఇంటి బాబుకు పదేళ్ళు. పెద్దల తోడుతో చూడవలసిన సినిమా కనుక వాళ్ళ నాన్నను బతిమాలి అప్పటికే మూడుసార్లు చూశాడు. వాడికి తెలుగు చదవడం రాదు. నా సమీక్షను వాళ్ళ అమ్మ చదివి వినిపించిందట. వాడు కోప్పడలేదు. “ఆంటీ, మీరు మొదటి భాగం చూడలేదా?” అని అడిగాడు, అంతే. నేను పెద్దదాన్ని, పైగా రచయిత్రిని, “కథ అంతా సినిమాలోనే ఉండాలి నాన్నా, ఇంటి దగ్గర పాఠం చదువుకుని రమ్మంటే ఎలా?” అని నవ్వేశాను. వాడు తల వంచుకుని మిఠాయి పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వంచిన తల నన్ను వదలలేదు. డిసెంబరులో మొదటి భాగం పెట్టుకున్నాను. బొగ్గులు అమ్మడానికి పట్నానికి బయలుదేరే పెద్దకొడుకు తంజిరో ముఖం మీది మసిని తల్లి తుడుస్తుంది. పిల్లలు తామూ వస్తామని మారాం చేస్తారు. ఆ రాత్రి అతడు దారిలో ఒక ముసలాయన ఇంట్లో ఉండిపోయి, తెల్లవారి తిరిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర రక్తం. నేను హాస్యమాడిన ఆ పెట్టెలోని పిల్ల, అతడి చెల్లెలు నెజుకో, ఆ రొకుతానే కాపాడబోయి, వాడి మీద కప్పుకుని పడి ఉంటుంది. వాళ్ళు లేరన్న సంగతి సినిమా చూసినప్పుడే నాకు అర్థమైంది. కానీ అలా అర్థం కావడానికీ, ఆ మంచులో ఆ పిల్లవాడి వెంట గుమ్మం దాకా నడిచి రావడానికీ చాలా దూరం ఉన్నది. ఇరవైఆరు భాగాలూ ముగించి జనవరిలో మళ్ళీ హాలుకు వెళ్ళాను. రొకుతా పిలిచినప్పుడు మాస్కు తడిసి ఊపిరాడలేదు. నేను కత్తిరించమన్న పది నిమిషాల మీదనే ఆ సినిమా నిలబడి ఉన్నది. ఆ తరువాత, ఆ కలలు పుట్టించే రాక్షసుడు, ఇంటివారంతా తంజిరోను నిందించినట్లు మరొక కల చూపిస్తే అతడు ఎందుకంత మండిపడతాడో కూడా అప్పుడే తెలిసింది.

సవరణ రాస్తానని సంపాదకులను అడిగి ఉంటే కాదనేవారు కారు. అడగలేదు. ఆ బాబుకు చెబుదామనుకుని వాయిదాలు వేశాను. మార్చిలో వాళ్ళు ఓసాకాకు మారిపోయారు. వెళ్ళేటప్పుడు వాడు ఈ కథకు మూలమైన బొమ్మల పుస్తకంలో తన దగ్గర రెండేసి ఉన్న సంపుటాలు కొన్ని నాకు ఇచ్చి వెళ్ళాడు. మిగిలినవి కొనుక్కుని ఇరవైమూడూ చదివాను. కాబట్టి కోటలో ఏమి జరగబోతున్నదో నాకు తెలుసు. నీకు చెప్పను, నువ్వూ నీ పాఠకులకు చెప్పవద్దు.

అలాగని సీరియల్ మీద ఆనుకున్న ప్రతి సన్నివేశాన్నీ మెచ్చుకోమని నేను అనడం లేదు. అరువు తెచ్చుకున్న కన్నీళ్ళు ఉంటాయి, సినిమా తానుగా సంపాదించుకున్న కన్నీళ్ళు ఉంటాయి. రెండింటినీ విడదీసి చూపించడమే ఈ రకం సమీక్షలో అసలు పని. తంజిరో కల అరువు. రెంగోకు అలా కాదు. టెలివిజన్‌లో అతడు కనిపించేది కొద్దిసేపే, అదీ రాక్షసిగా మారిన నెజుకో తల నరకాలని వాదిస్తూ. అటువంటివాడు రైలులో ఆమె మనుషుల కోసం రక్తం చిందించడం చూసి, ఆమెను తమ దళంలో ఒకతెగా ఒప్పుకుంటాడు. బలంతో పుట్టినవాడు బలహీనులను కాపాడాలని అతడి తల్లి చిన్నప్పుడు చెప్పిన మాట కూడా సినిమాలోనే వస్తుంది. ఏమీ చూడకుండా వచ్చిన నేను కూడా, కల దగ్గర కదలనిదాన్ని, అతడి దగ్గర కదిలాను. రెండు గంటల లోపు సినిమాలో ఆ పని చేయడం దర్శకుడు సొతొజాకి హరువో సాధించిన విజయం. దాని గురించి నేను రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను, చూశావా!

కొత్త సినిమా నిడివి 155 నిమిషాలు. పోరాటం మధ్యలో గతం గుర్తుకు రావడం ఈ కథకు అలవాటు. ఈ బొమ్మల కథ మొదట అచ్చయిన వారపత్రికలో పాఠకుడికి వారానికి పందొమ్మిది ఇరవై పుటలే దొరికేవి కనుక, ఒక జ్ఞాపకం వచ్చి కథ ఆగినా ఆ వారానికి అదే కథ. టెలివిజన్‌లో అయితే భాగం ముగిసి పాట వస్తుంది, మనిషి లేచి మంచినీళ్ళు తాగి వస్తాడు. హాలులో ఆ విరామాలు ఉండవు. కనుక ‘గతం ఎక్కువైంది, పోరాటం ఆగిపోయింది’ అన్న మాట నీ చుట్టూ చాలామంది అంటారు. వాళ్ళతో కలసి అనేయకు, ఎదురు తిరిగి కొట్టిపారేయకు. జ్ఞాపకం మొదలైనప్పుడు ఆ మనిషి గురించి నీకు అప్పటికి ఏమి తెలుసో, అది ముగిశాక అదే పోరాటాన్ని నువ్వు వేరుగా చూశావో లేదో ఆ చీకటిలోనే రెండు పదాలు రాసుకో. వేరుగా చూడకపోతే, అప్పుడు నిర్భయంగా సాగదీత అని రాయి. తెలిసి అన్నందుకు ఎవరూ తల వంచుకుని వెళ్ళిపోరు.

ఇది మూడు సినిమాలలో మొదటిదని మరచిపోకు. కథ ముగియలేదని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. జపానులో దీనికి పెట్టిన ఉపశీర్షికకు ‘అకజా తిరిగి రాక’ అని అర్థం. అంటే రైలు సినిమా చివర వచ్చి నీ చేత తిట్లు తిన్న ఆ రాక్షసుడు అకజా కథను ఇక్కడ చెబుతామని మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నదానితో కొలువు.

మన దగ్గర తెలుగులోనూ విడుదలవుతున్నది కనుక, ఒక ఆట జపనీసులో, ఒక ఆట తెలుగులో చూడు. ఇక్కడ నీకు ఇంగ్లీషు సమీక్షకులకు లేని సౌకర్యం ఒకటి ఉన్నది. నెజుకో ‘ఒనీచాన్’ అని పిలిచే పిలుపును ఇంగ్లీషు చాలాసార్లు పేరుగా మార్చేస్తుంది. మనకు ‘అన్నయ్య’ ఉన్నది. మీరు, నువ్వు, నీవు అనే తేడాలు ఉన్నాయి. రాక్షసుడు తన యజమానితో ఎలా మాట్లాడాడు, శత్రువుతో ఎలా మాట్లాడాడు, తెలుగులో ఆ తేడా నిలిచిందా లేదా అని విను. ఇది రాయగలిగినవాళ్ళు మన దగ్గర కొద్దిమందే.

వసూళ్ళ అంకెలు ఒక వాక్యం దాటనివ్వకు. (పైన నేను రెండు రాశాను; ఇది ఉత్తరం, సమీక్ష కాదు.) ఈ సినిమా తీసిన యుఫోటేబుల్ స్టూడియో వారి బొమ్మలు బాగున్నాయని అందరూ రాస్తారు, ఎక్కడ, ఏ క్షణంలో, ఆ తిరిగే కోట గదులు నీకు కళ్ళు తిప్పాయా, దారి చూపాయా అన్నది రాయి.

అభిమానులు తిడతారని నువ్వు భయపడుతున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. తిడతారు. ఆడపిల్ల పేరు కనిపిస్తే ఇంకొంచెం ఎక్కువగా తిడతారు, నాకు దాని మీద నీకంటే ఎక్కువ భయం ఉన్నది. కానీ ఆ భయంతో అంతా అద్భుతమని రాయకు తల్లీ. వాళ్ళందరిలో ఎవడో ఒక పదేళ్ళవాడు నిజంగా చదువుతాడు. వాడిని దృష్టిలో పెట్టుకుని రాయి.

రెండవ ఆటకు మీ అమ్మను తీసుకువెళ్ళు. దానికి ఈ కథలో ఒక్క ముక్క తెలియదు. ‘వీడెవడే?’ అని ఎన్నిసార్లు అడిగిందో, ఎక్కడ అడగడం మానేసి తెర వైపు చూస్తూ ఉండిపోయిందో గుర్తు పెట్టుకో. అది అడగడం మానేసిన చోటు సినిమా తానుగా నిలబడిన చోటు. అది అడుగుతుండగా నువ్వు ఏడ్చిన చోటు అరువు. రెండూ నీ సమీక్షలో ఉండాలి.

అచ్చుకు ఇచ్చే ముందు ఒక ప్రతి నాకు పంపు. దిద్దను. పదేళ్ళవాడు ఇచ్చిన సంపుటాలు ఇక్కడ బీరువాలో ఉన్నాయి. దసరాకు వచ్చినప్పుడు తీసుకువెళ్ళు. మొదటిదాని లోపలి అట్ట మీద వాడి పేరు జపనీసులో రాసి ఉన్నది, దానిని చెరపకు. ఈలోగా మొదటి భాగం ఈ రాత్రికే పెట్టుకుని, తల్లి మసి తుడిచే చోటు వచ్చాక నాకు ఫోను చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ.