నలభై సైట్ల హోస్టింగ్‌కు డెడికేటెడ్ సర్వరా, వీపీఎస్సా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రీసెల్లర్ ఖాతా (వేరే కంపెనీ సర్వరులో చోటు కొని తిరిగి అమ్ముకునే ఖాతా) మీద నలభై దాకా సైట్లు నడుపుతున్నారు. బడులు, చిన్న ఆసుపత్రులు, రెండు స్థానిక వార్తల సైట్లు. ఇకపై సొంత పేరుతో హోస్టింగ్ అమ్మాలని ఉంది. నెలకు ఎనిమిది వేలకు 128 జీబీ ర్యామ్ ఉన్న డెడికేటెడ్ సర్వరు (యంత్రమంతా మీ ఒక్కరికే) వస్తోంది, అదే డబ్బుకు వీపీఎస్ (ఒకే యంత్రాన్ని పంచి ఇచ్చే వర్చువల్ సర్వరు) అయితే అందులో నాలుగో వంతు ర్యామే ఇస్తున్నారు. ఏది తీసుకోవాలి?

వీపీఎస్ తీసుకోండి. ఒకటి కాదు, రెండు. విజయవాడలో చాలా కాలంగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కారణాలు కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ 128 జీబీ సంగతి. చవక డెడికేటెడ్ సర్వర్ల ప్రకటనల్లో ర్యామ్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ప్రాసెసర్ పేరు వెతికితే తప్ప కనిపించదు. వెతకండి. చాలాసార్లు అది ఇంటెల్ జియాన్ ఈ5లో రెండో తరమో మూడో తరమో అయి ఉంటుంది, అంటే 2013, 2014 నాటి సరుకు. కోర్లు బోలెడు, ఒక్కో కోరు వేగం మాత్రం తక్కువ. మీ సైట్లలో ముప్పాతిక వంతు వర్డ్‌ప్రెస్ అనుకుంటాను. వర్డ్‌ప్రెస్ పేజీ ఒకటి తయారు కావడానికి, అది రాసిన భాష పీహెచ్‌పీ ఆ పనంతా ఒకే కోరు మీద చేస్తుంది. పక్కన ఇరవై కోర్లు ఖాళీగా ఉన్నా ఆ పేజీ ఒక్క క్షణం కూడా ముందు రాదు. కొత్త ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్ మీద నడిచే నాలుగు కోర్ల వీపీఎస్‌లో అదే సైటు చురుగ్గా తెరుచుకుంటుంది. ఖాళీగా పడి ఉండే ర్యామ్‌కు డబ్బు కట్టడం ఎందుకు?

అయితే వీపీఎస్‌లన్నీ ఒక్కటి కావు. ఓపెన్‌వీజెడ్ మీద ఇచ్చేవి నిజానికి కంటెయినర్లు, అందరికీ కలిపి ఒకటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ). అందులో హోస్టింగ్ కోసం చేసిన క్లౌడ్‌లైనక్స్ పూర్తిగా పనిచేయదు, మీకు కావలసిన కెర్నల్ మీరు వేసుకోలేరు, ఉన్న ర్యామ్‌కు మించి అమ్ముకోవడం కంపెనీకి చాలా తేలిక. ఒక్కో సర్వరుకు విడి కెర్నల్ ఉండే కేవీఎం మీద ఇచ్చేదే తీసుకోండి. 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి అది లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, బాగా నలిగిన సాంకేతికత. ధర అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే ముందు కేవీఎమ్మా, ఓపెన్‌వీజెడ్డా అన్న ఈ ఒక్క ప్రశ్న అడగండి.

వీపీఎస్‌కూ డెడికేటెడ్‌కూ తేడా చెప్పేటప్పుడు అందరూ అపార్ట్‌మెంటు, సొంత ఇల్లు అంటారు. ఆ పోలికలో పనికొచ్చే ముక్క ఒక్కటే: పైనున్న నీళ్ల ట్యాంకు అందరిదీ. కేవీఎంలో ర్యామ్ దాదాపుగా మీకే ఉంటుంది, కానీ ప్రాసెసర్ సమయం, డిస్కు వేగం పక్కవాళ్లతో పంచుకోవాల్సిందే.

ఇది ఎలా బయటపడుతుందో చెబుతాను. మా క్లయింటు ఒకరికి వార్తల సైటు ఉంది, ఇంటర్ ఫలితాల రోజున అందులో ఫలితాల పేజీ పెడతారు. మన దగ్గర ఫలితాల రోజు సంగతి మీకు తెలిసిందే, మంత్రిగారు బటన్ నొక్కిన నిమిషంలోనే జనం విరుచుకుపడతారు. అందుకని ఆ పేజీని ముందే తయారుచేసి క్యాష్‌లో పెట్టి, డేటాబేస్‌కు పని పడకుండా చూసుకున్నాం. అయినా పేజీ తెరుచుకోవడానికి పది సెకన్లు పట్టింది. సర్వరు లోపలికి వెళ్లి, ప్రాసెసర్ వాడకం చూపే టాప్ ఆదేశం ఇచ్చాను. మా ప్రాసెస్‌లు వాడుతున్నది ముప్ఫై శాతం చిల్లర. డిస్కు కోసం ఎదురుచూపు దాదాపు సున్నా. ఆ వరుసలో చిట్టచివర ఎస్‌టీ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా ఎవరూ చూడరు. అది 41 చూపిస్తోంది.

స్టీల్ అంటారు దాన్ని. మీ సర్వరు పనికి సిద్ధంగా ఉన్నా, అసలు యంత్రం ఆ సమయాన్ని వేరేవాళ్లకు ఇచ్చేసిందని అర్థం. అంటే అదే నోడ్ (అసలు యంత్రం) మీద మాలాంటివాడే ఇంకొకడు అదే ఫలితాల పని పెట్టుకుని ఉంటాడు. కంపెనీకి టికెట్ (ఫిర్యాదు) పెడితే అంతా సవ్యంగానే ఉందని మొదటి జవాబు. సర్వరు వాడకాన్ని నమోదు చేసే సార్ అనే పరికరం పది నిమిషాలకోసారి దాచిపెట్టిన అంకెలన్నీ తీసి పంపాక, మారుమాట లేకుండా వేరే నోడ్‌కు మార్చారు. కాబట్టి సర్వరు చేతికొచ్చిన రోజే, సార్ ఉండే సిస్‌స్టాట్ ప్యాకేజీ వేసి పెట్టండి. కొన్న మొదటి వారంలో రాత్రి ఏడు నుంచి పది మధ్య స్టీల్ గమనించండి. ఒకటి, రెండు శాతం అయితే పట్టించుకోనక్కర లేదు. రోజూ పది దాటుతుంటే డబ్బు వాపసు గడువు ముగియకముందే బయటపడండి. డెడికేటెడ్ సీపీయూ అని రాసి ఉన్న వీపీఎస్ ప్లాన్లు కొంచెం ఖరీదు, కానీ వార్తల సైట్లు ఉన్నవాళ్లకు అవే మేలు.

మరి డెడికేటెడ్‌లో ఈ గొడవ ఉండదు కదా అంటారు. ఉండదు. దానికి బదులు డిస్కులు మీ మెడకు చుట్టుకుంటాయి.

వీపీఎస్‌లో డిస్కు పోతే అది కంపెనీ తలనొప్పి, చాలాసార్లు మీకు తెలియను కూడా తెలియదు. డెడికేటెడ్‌లో రెయిడ్ 1 కింద, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా, రెండు డిస్కులు పెట్టుకుంటారు. రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే రెండు యూ అక్షరాలు పక్కపక్కన కనిపించాలి. ఒక రోజు ఒక యూ, దాని పక్కన ఒట్టి గీత కనిపిస్తుంది. ఆ క్షణం నుంచి మీ క్లయింట్లందరి సైట్లూ ఒకే డిస్కు మీద ఉన్నట్టు. అప్పుడు పాడైన డిస్కు సీరియల్ నంబరు స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో చూసి టికెట్‌లో స్పష్టంగా రాయాలి, లేకపోతే డేటా సెంటర్లో ఉన్న మనిషి మంచి డిస్కును లాగేసే ప్రమాదం ఉంది. కొత్తది వచ్చాక పార్టిషన్లు వేయడం, రెయిడ్‌లో చేర్చడం, అది నిండేదాకా సైట్లు నెమ్మదించడం అన్నీ మీ పనే. కొత్త డిస్కు మీద సర్వరును బూట్ చేసే గ్రబ్ కూడా వేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, మిగిలిన పాత డిస్కు పోయిన రోజున సర్వరు బూట్ కాదు. ఇంకొకటి, రెండు ఎస్‌ఎస్‌డీలూ ఒకే రోజు బిగించినవి, రెయిడ్ వల్ల రెండింటి మీదా ఒకే రాత. అవి అరిగేదీ ఒకే వేగంతో. వాడిన సర్వరు తీసుకుంటే మొదటి రోజే రెండింటి అరుగుదల శాతం చూసి, ఎనభై దాటి ఉంటే మార్చమనండి, మారుస్తారు.

ఇదంతా రాత్రి రెండింటికి జరిగితే లేచేవాళ్లు మీ ఇంట్లో మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే డెడికేటెడ్ ఇప్పుడే వద్దు.

లైసెన్సుల లెక్క కూడా ఉంది, రెండు వీపీఎస్‌లు అనగానే ఇక్కడ కొంచెం దెబ్బ తగులుతుంది. హోస్టింగ్ ఖాతాలు నడిపే కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్ 2019 జూన్‌లో సర్వరుకు ఇంత అనే పద్ధతి తీసేసి ఖాతాల సంఖ్యను బట్టి ధర పెట్టింది. ఆ తర్వాత చాలాసార్లు పెంచింది కూడా. ఒకే పెద్ద సర్వరులో నాలుగు వందల ఖాతాలు కుక్కి లైసెన్సు ఖర్చు మిగిల్చుకునే పాత కిటుకు ఆ రోజుతో పోయింది. మీ నలభై సైట్లకు అలాంటిదే అయిన డైరెక్ట్‌అడ్మిన్ చాలు, క్లయింట్లు రెండు రోజులు అలవాటు లేక గొణుగుతారు, అంతే. డబ్బు మిగిలితే దాన్ని క్లౌడ్‌లైనక్స్ మీద పెట్టండి. ఒక్కో ఖాతాకు ప్రాసెసర్, మెమరీ, డిస్కు వేగం ఇంత అని హద్దు గీస్తుంది. మీ సర్వరులో సొంత క్లయింట్లే ఒకరికొకరు పక్కవాళ్లు కదా, వార్తల సైటు పొంగితే బడి సైటు మునగకూడదు. నేను రెండు వీపీఎస్‌లు అన్నది కూడా అందుకే. వార్తల సైట్లు రెండూ ఒకదాంట్లో, మిగతావన్నీ రెండోదాంట్లో.

మెయిల్ గురించి మీరు అడగలేదు, కానీ హోస్టింగ్ క్లయింట్ల ఫోన్లలో సగం దాని గురించే వస్తాయి. చవక వీపీఎస్‌లో మీకు వచ్చే ఐపీని (సర్వరు నెట్ చిరునామా) ఇంతకుముందు ఎవరు వాడారో తెలియదు. డబ్బు కట్టిన గంటలోనే ఆ ఐపీ, స్పామ్ పంపే ఐపీలను నమోదు చేసే స్పామ్‌హాస్ జాబితాలో ఉందేమో చూసుకుని, ఉంటే వేరేది అడగండి. మెయిల్ వెళ్లే 25వ పోర్టు తెరిచి ఉందా, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీకి పేరు చెప్పే నమోదు) మీరే పెట్టుకోవచ్చా అని కొనకముందే తేల్చుకోవాలి. చాలా క్లౌడ్ కంపెనీలు ఆ పోర్టును మొదట మూసే ఉంచుతాయి.

సర్వరు ఎక్కడుండాలంటే, మీ క్లయింట్ల పాఠకులంతా ఇక్కడివాళ్లే కాబట్టి ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్నది చూడండి. జర్మనీలో చాలా చవకగా వస్తాయి, నిజమే. కానీ ఇక్కడి నుంచి అక్కడికి ఒక్క రానూపోనూకే నూట ఇరవై మిల్లీసెకన్లు దాటుతుంది. పైగా 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు మారాక, విదేశీ కంపెనీలకు కార్డు నుంచి నెలనెలా డబ్బు దానంతట అది వెళ్తుందన్న నమ్మకం లేదు. బిల్లు కట్టలేదని సర్వరు ఆపేస్తే క్లయింటుకు రిజర్వ్ బ్యాంకు గురించి చెప్పి ప్రయోజనం ఉండదు. బ్యాకప్‌లు దాచడానికి మాత్రం విదేశం భేషుగ్గా ఉంటుంది, అక్కడ వేగంతో పని లేదు.

బ్యాకప్ అన్నాను కాబట్టి, మీరు ఏది కొన్నా అది వేరే కంపెనీలో, వేరే ఊళ్లో ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. అసలు సర్వరూ దాని బ్యాకప్పూ ఒకే చోట పెట్టుకున్నవాళ్లకు ఏమీ మిగలలేదు. కంపెనీ ఇచ్చే స్నాప్‌షాట్‌ను (ఆ క్షణపు సర్వరు నకలును) బ్యాకప్ అనుకోకండి. నెలకోసారి ఏదో ఒక సైటును బ్యాకప్ నుంచి వేరేచోట నిజంగా నిలబెట్టి చూడండి.

ఇక డెడికేటెడ్ ఎప్పుడంటే, వీపీఎస్‌లు నాలుగైదు అయి, వాటి బిల్లు మొత్తం ఒక మంచి కొత్త ప్రాసెసర్ సర్వరు అద్దెను దాటినప్పుడు. లేదా క్లయింట్లు మాకే విడిగా వీపీఎస్ కావాలని అడగడం మొదలుపెట్టినప్పుడు. అప్పుడు కూడా దాని మీద నేరుగా కంట్రోల్ ప్యానెల్ వేయకండి. కింద ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ యంత్రాలు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, దానిపైన మీ సర్వర్లను వర్చువల్ యంత్రాలుగా పెట్టండి. డబ్బు కట్టనక్కర లేదు, డెబియన్ అనే లైనక్స్ ఆధారం, లోపల ఉన్నది కేవీఎమ్మే. వేగంలో పోయేది స్వల్పం. లాభం ఏమిటంటే, ఆ సర్వరు ముసలిదైనప్పుడు మొత్తం యంత్రాన్ని ఎత్తి కొత్తదాని మీద దించేయవచ్చు, నాలుగు వందల ఖాతాలను ఒక్కొక్కటిగా మోసే పని ఉండదు. నెట్‌వర్కు దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్ని డేటా సెంటర్లు ఒక్కో అదనపు ఐపీకి తామిచ్చిన మ్యాక్ చిరునామానే (నెట్‌వర్కు కార్డు గుర్తింపు) వాడమంటాయి, వేరేది కనిపిస్తే దుర్వినియోగం నోటీసు పంపుతాయి. బయటి నుంచి సర్వరు తెరను చూసే ఐపీఎంఐ సౌకర్యం అద్దెలో కలిసి ఉందా, గంటకు ఇంత అని అడుగుతారా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

మీరే వీపీఎస్‌లు అమ్మడం మొదలుపెడితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు మీకూ వర్తిస్తాయి. కొన్నవాళ్ల పేరు, చిరునామా, ఇచ్చిన ఐపీ వంటివి సరిచూసి, వాళ్లు వదిలేసి వెళ్లాక కూడా ఐదేళ్లు ఉంచాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. భద్రతకు సంబంధించిన ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. మా ఊరి కుర్రాడే కదా అని వివరాలు తీసుకోకుండా వీపీఎస్ ఇస్తే, వాడు దాంతో ఏం చేసినా పోలీసుల ఫోను ముందు మీకే వస్తుంది.

మీరు చూస్తున్న ఆ డెడికేటెడ్ ప్రాసెసర్ మోడల్, ఇప్పుడు రీసెల్లర్ ఖాతాలో మీ సైట్లన్నీ కలిపి ఆక్రమించిన డిస్కు పరిమాణం ఇక్కడ రాయండి. వీపీఎస్‌లు ఎంత పెద్దవి కావాలో ఆ రెండూ చూస్తే చెప్పగలను.